పట్టాదారుకూ పొలానికీ నడుమ: వెబ్ పేజీ మీద రికార్డుల సంబంధాలను గురించి సంవాదం

డేటాబేసులోని ఒక్కొక్క రికార్డు ఒక మనిషిని గురించో, వస్తువును గురించో, జరిగిన పనిని గురించో కొన్ని వివరాలను మాత్రమే చెబుతుంది. మిగిలిన అర్థమంతా ఆ రికార్డుకు ఇతర రికార్డులతో ఉన్న సంబంధంలో ఉంటుంది. సర్వే నెంబరును గురించిన రికార్డు నేల విస్తీర్ణాన్నీ, తరాన్నీ, శిస్తునూ చెప్పగలదు గాని ఆ నేల ఎవరిదో తనంతట తాను చెప్పలేదు. పట్టాదారును గురించిన రికార్డు పేరునూ, తండ్రి లేక భర్త పేరునూ, ఖాతా నెంబరునూ చెప్పగలదు గాని ఆ ఖాతాదారుకు ఎక్కడెక్కడ ఎంతెంత భూమి ఉందో చెప్పలేదు. ఆ రెండింటినీ కలిపే మూడో సమాచారమే సంబంధం. దానిని వెబ్ పేజీ మీద ఏ రూపంలో చూపాలన్న ప్రశ్న పైకి అలంకరణకు చెందినదిగా కనిపించినా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రైతు తన భూమి వివరాలను ఫోను తెర మీద చూసుకునే ఈ కాలంలో అది హక్కును గురించిన ప్రశ్న అయింది. తెర మీద కనిపించని సంబంధం ఉండి కూడా లేనట్టే లెక్కకు వస్తున్నది, తప్పుగా కనిపించినది ఆ తప్పు రూపంలోనే చెలామణి అవుతున్నది.

ఈ ప్రశ్నకు వెబ్ కంటే పాత చరిత్ర ఉంది. 1960లలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చార్లెస్ బాక్‌మన్ రూపొందించిన డేటాబేసులో ఒక రికార్డు తనకు సంబంధించిన మరో రికార్డు ఆచూకీని తనలోనే ఉంచుకునేది, ప్రోగ్రామరు ఆ ఆచూకీ పట్టుకుని రికార్డు నుంచి రికార్డుకు నడిచేవాడు. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ దీనికి భిన్నమైన పద్ధతిని ప్రతిపాదించాడు: సమాచారమంతా పట్టికలుగా ఉండాలి, ఒక పట్టికలోని విలువ మరో పట్టికలోని విలువతో సరిపోలడమే సంబంధానికి ఆధారం కావాలి, ఏ రికార్డు నుంచి ఏ రికార్డుకు వెళ్లాలన్న దారి ముందుగానే బిగించి ఉండకూడదు. 1974లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో ఈ ఇద్దరి పక్షాలూ ముఖాముఖి వాదించుకున్నాయి. నిల్వ విషయంలో తర్వాతి దశాబ్దాలలో కాడ్ పక్షమే ఎక్కువగా నిలబడింది. అయితే 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్‌కు లింకే ప్రాణం. అందువల్ల ఈనాడు సమాచారం కాడ్ చెప్పినట్టు పట్టికలలో నిల్వ ఉంటున్నది, బాక్‌మన్ ఊహించినట్టు ఒక చోటి నుంచి మరో చోటికి నడిచే పాఠకుడికి కనిపిస్తున్నది. ఈ రెండు స్వభావాల మధ్య ఒరిపిడి నుంచే కింది సంవాదం పుట్టింది.

సంబంధాలను వరుసలుగా, గడులుగా, ఒక్కో ప్రశ్నకు ఒక్కో జాబితాగా చూపాలనే వారిని ఇక్కడ పట్టికవాది అనీ, గీతలతో కలిసిన వలగా ఒకే చూపుకు అందేటట్టు చూపాలనే వారిని జాలవాది అనీ పిలవడం జరిగింది.

జాలవాది: అయ్యా, పట్టిక సంబంధాన్ని చూపదు, ముక్కలు చేసి తలా ఒక చోట పెడుతుంది. ఒక సర్వే నెంబరులో ముగ్గురు అన్నదమ్ములకు పట్టాలున్నాయనీ, వారిలో ఒకరి భాగాన్ని కౌలుదారు సాగు చేస్తున్నాడనీ, మరొకరి భాగం బ్యాంకు తాకట్టులో ఉందనీ అనుకోండి. ఈ సంగతంతా తెలియాలంటే సర్వే నెంబర్ల వారీ లెక్క అయిన అడంగల్ ఒక చోట, ఖాతాల వారీ లెక్క అయిన 1-బి మరో చోట, ఆస్తి మీద జరిగిన క్రయవిక్రయాలనూ తాకట్టులనూ తెలిపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఇంకో శాఖ వద్ద చూడవలసి వస్తుంది. పాఠకుడు ఒక పేజీలో చదివినదాన్ని గుర్తుంచుకుని రెండో పేజీలోనిదానితో మనసులోనే కలుపుకోవాలి. యంత్రం చేయవలసిన పనిని మనిషి మీద వేయడమే ఇది. నేలను నడుమ పెట్టి, దానితో ముడిపడిన మనుషులనూ పత్రాలనూ చుట్టూ పెట్టి, మధ్యన గీతలు గీస్తే, చదువు అంతగా లేనివారికి కూడా ఎవరెవరికి ఆ నేలతో పని ఉందో తెలుస్తుంది.

పట్టికవాది: మీ బొమ్మలో ఉన్నవి ఆరో ఏడో బిందువులు కాబట్టి అది చక్కగా కనిపిస్తున్నది. 2004లో గోనీమ్, ఫెకెట్, కాస్టాగ్లియోలా అనే పరిశోధకులు గీతల వలచిత్రాన్నీ, అడ్డంగానూ నిలువుగానూ పేర్లు రాసి సంబంధం ఉన్న గడిని మాత్రం నింపే మాత్రికనూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. బిందువులు ఇరవై దాటిన తర్వాత చాలా రకాల ప్రశ్నలకు మాత్రికే చదవడానికి అనువుగా ఉందని తేలింది. ఇది ఊహించదగినదే. ఇరవై బిందువులను ఒకదానితో ఒకటి కలపదలిస్తే 190 గీతలు పడతాయి, వందకు 4,950 పడతాయి. అన్నీ కలవకపోయినా వాటిలో కొంత భాగం చాలు, గీత మీద గీత పడి ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోవడానికి. ఒక మోస్తరు గ్రామంలోనే సర్వే నెంబర్లు వందల్లో ఉంటాయి. దానికి తోడు గీత చాలా తక్కువ మాట్లాడుతుంది. పట్టాదారుకు నేలతో ఉన్న సంబంధం ఒకటి, అనుభవదారుకు, అంటే వాస్తవంగా ఆ నేలను అనుభవంలో ఉంచుకున్నవారికి ఉన్న సంబంధం మరొకటి. అడంగల్ ఈ రెండింటికీ వేర్వేరు గడులు పెట్టింది. మీ బొమ్మలో రెండూ గీతలే.

జాలవాది: గీతకు రంగు వేయవచ్చు, పేరు రాయవచ్చు. ఇక మీరు చెప్పిన పరీక్షలోనే ఒక మినహాయింపు కూడా ఉంది, దానిని దాటవేయడం న్యాయం కాదు: ఒక బిందువు నుంచి మరో బిందువుకు దారి వెతకవలసిన ప్రశ్నలలో వలచిత్రమే మెరుగ్గా ఉన్నట్టు వారు చూశారు. భూమి విషయంలో వచ్చే చిక్కు ప్రశ్నలన్నీ దారిని గురించినవే గదా. ఈ నేల ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, వారికి ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో ఎక్కడ తెగింది అన్నవి లెక్క ప్రశ్నలు కావు. పైగా పట్టిక తప్పు చెప్పినప్పుడు ఆ తప్పు కనిపించదు. రెండు పట్టికలలో సరిపోలిన వరుసలను పక్కపక్కకు తెచ్చే పనిని జాయిన్ అంటారు. అందులో ఇన్నర్ జాయిన్ అనే రకం రెండు వైపులా జత ఉన్న వరుసలనే చూపుతుంది. సర్వే నెంబర్ల పట్టికనూ పట్టాదారుల పట్టికనూ ఆ రకంగా కలిపితే, పట్టాదారు ఎవరూ నమోదు కాని నేల, అంటే వారసుల పేర్లు ఇంకా ఎక్కని నేల గాని, పోరంబోకు గాని, జాబితా నుంచి చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఆ నెంబరు ఉన్నదన్న సంగతే చూసేవారికి తెలియదు.

పట్టికవాది: ఆ దోషం ఉంది. దానికి మందు లెఫ్ట్ జాయిన్; అది ఒక వైపు వరుసలన్నిటినీ ఉంచి, జత దొరకని చోట గడిని ఖాళీగా చూపుతుంది. కాని మీరు ఎత్తిచూపినదానికంటే పెద్ద దోషం ఒకటి ఉంది, అది కూడా చెప్పుకుంటే మంచిది. ఆరు ఎకరాల సర్వే నెంబరు ఒకటి తీసుకోండి. అందులో ముగ్గురు పట్టాదారులకు తలా రెండు ఎకరాలు, ఆ నేల మీద ఆ ఏడాది నమోదైన పంటలు వరి, మినుము అని రెండు. పట్టాదారులకూ పంటలకూ మధ్య నేరుగా ఏ సంబంధమూ లేదు, రెండూ నేలతోనే ముడిపడి ఉన్నాయి. అయినా మూడు పట్టికలనూ ఒకేసారి కలిపితే ప్రతి పట్టాదారు పక్కనా ప్రతి పంటా వచ్చి కూర్చుంటుంది. మూడు వరుసలు ఆరవుతాయి, విస్తీర్ణం గడిని కూడితే పన్నెండు ఎకరాలు వస్తుంది. ఊళ్లో లేని ఆరు ఎకరాలు పేజీ మీద పుడతాయి. ఈ పొరపాటు పట్టిక అనే రూపానిది కాదు, రెండు వేర్వేరు ప్రశ్నలకు ఒకే పట్టికలో జవాబు చెప్పబోవడం వల్ల వచ్చినది. అందుకే ఒక ప్రశ్నకు ఒక జాబితా అన్న నియమం మీద ఇంత పట్టుదల.

ఈ రెండు దోషాలూ వెబ్ పేజీలు తయారుచేసేవారికి బాగా పరిచయమైనవే అయినా, పేజీ చదివేవారికి వాటి సంగతి ఎవరూ చెప్పరు. ఖాళీ గడికీ, లేని వరుసకూ ఉన్న తేడా రైతు దృష్టిలో చాలా పెద్దది. ఖాళీ గడి కనిపిస్తే అర్జీ పెట్టుకోవచ్చునన్న సంగతి తెలుస్తుంది, వరుసే లేకపోతే దేనిని గురించి అడగాలో కూడా తెలియదు. కాబట్టి పేజీ మీద ఖాళీని కూడా ఖాళీగా చూపడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత. పట్టికవాది తన వాదానికి అసలు బలాన్ని మాత్రం పాత కాగితపు రికార్డుల నుంచి తెచ్చుకుంటారు.

పట్టికవాది: ఒక సంబంధాన్ని రెండు కొసల నుంచీ చదవాలన్న తెలివి కంప్యూటర్లతో వచ్చినది కాదు. ఒక పట్టాదారుకు అనేక సర్వే నెంబర్లలో భూమి ఉండవచ్చు, ఒక సర్వే నెంబరులో అనేకమంది పట్టాదారులు ఉండవచ్చు. దీనిని అనేకానేక సంబంధం అంటారు. 1-బి ఈ సంబంధాన్ని ఖాతా వైపు నుంచి చూపుతుంది, అంటే ఈ మనిషికి ఏయే నేలలు అన్నది; అడంగల్, తెలంగాణలో పహాణీ, నేల వైపు నుంచి చూపుతుంది, అంటే ఈ నేలకు ఏయే మనుషులు అన్నది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇంకా స్పష్టంగా ఉంది: దాని 55వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ కార్యాలయం ఒకటో సూచికను పత్రం రాసిన, పొందిన వ్యక్తుల పేర్లతోనూ, రెండో సూచికను ఆస్తుల వివరాలతోనూ విడివిడిగా నిర్వహించాలి. రెండు సూచికలు చేరేది ఒకే పత్రానికి, కాని వెతుక్కుంటూ వచ్చిన మనిషి చేతిలో పేరు ఉందా, సర్వే నెంబరు ఉందా అన్నదాన్ని బట్టి ద్వారం వేరు. అన్నిటినీ ఒకే బొమ్మలో చూపాలని ఆ చట్టం రాసినవారికి తోచలేదు, తోచకపోవడమే మంచిదైంది.

జాలవాది: ఈ ఉదాహరణే మీ పక్షానికి ఇబ్బంది తెస్తుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యే వరకు గ్రామ లెక్కలను కరణమే చేతితో రాసేవాడు. నేల వారీ లెక్కా, ఖాతా వారీ లెక్కా విడివిడి పుస్తకాలు, విడివిడి రాతలు. ఒకదానిలో రెండు ఎకరాలనీ, మరొకదానిలో ఎకరా యాభై సెంట్లనీ ఉంటే ఎక్కడో తప్పు జరిగిందని తెలిసేది. అంటే రెండు జాబితాలు చదువుకోవడానికి మాత్రమే కాక, ఒకదానికొకటి సాక్ష్యంగా కూడా పనిచేసేవి. ఇప్పుడు డేటాబేసులో ఏం జరుగుతుంది? పట్టాదారు కీనూ, సర్వే నెంబరు కీనూ, అంటే ఆయా రికార్డులను మరొకదానితో పొరబడకుండా గుర్తించే విలువలను, ఒకే వరుసలో పెట్టిన అనుసంధాన పట్టిక ఒకటి ఉంటుంది. రెండు పేజీలూ దాని నుంచే పుడితే, రెండూ ఎప్పుడూ ఏకీభవిస్తాయి. ఆ ఏకీభావానికి విలువ లేదు, ఎందుకంటే అది ఒకే రాతను రెండుసార్లు చదవడం. తప్పు ఉంటే రెండు పేజీలలోనూ అదే తప్పు ఒకే ధీమాతో కనిపిస్తుంది.

ఇది సంవాదం మొత్తంలో బరువైన మాట. డేటాబేసు సిద్ధాంతం ఒక విషయాన్ని ఒక్క చోటే రాయాలని నేర్పుతుంది, దానికి మంచి కారణాలే ఉన్నాయి: రెండు చోట్ల రాసినది ఒక చోట మార్చి మరో చోట మరిచిపోవడం మానవ సహజం. అయితే ఆ పొరపాటును నివారించడానికి చెల్లించిన ధర, పొరపాటును పసిగట్టే పాత సాధనం ఒకటి చేజారిపోవడం. కాగితం మీద రెండు సాక్ష్యాలు ఉన్న చోట తెర మీద ఒక సాక్ష్యమే మిగిలినప్పుడు, ఆ ఒక్క సాక్ష్యానికి ఆధారం ఏమిటో చూపవలసిన అవసరం రెట్టింపవుతుంది. దీనికి పట్టికవాది చెప్పిన జవాబు వాదం దిశనే మార్చింది.

పట్టికవాది: ఈ ఆక్షేపణను ఒప్పుకోక తప్పదు, కాని దానికి విరుగుడు బొమ్మ గీయడం కాదు. అనుసంధాన పట్టికలోని వరుస ఉత్త జత కాదు. విస్తీర్ణం అన్న వివరాన్నే చూడండి: ముగ్గురు పంచుకున్న ఆరు ఎకరాలలో ఒకరికి చెందిన రెండు ఎకరాలు అన్న అంకె ఆ మనిషి రికార్డుకు చెందదు, నేల రికార్డుకూ చెందదు, ఆ ఇద్దరి నడుమనున్న సంబంధానికే చెందుతుంది. భూమి ఏ విధంగా సంక్రమించింది, అనువంశికంగానా, కొనుగోలు వల్లనా అన్నది కూడా అటువంటిదే. 1-బి లో దానికి గడి ఉంది. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఎంటిటీ-రిలేషన్‌షిప్ చిత్రపద్ధతిలో వస్తువులకు దీర్ఘచతురస్రాలు గీసి, సంబంధానికి వేరుగా వజ్రాకారం గీయడానికి కారణం ఇదే: సంబంధానికి కూడా సొంత వివరాలు ఉంటాయి. వెబ్ పేజీలు తయారయ్యేటప్పుడు ఆ వజ్రం మాయమై లింకు మాత్రం మిగులుతున్నది. పట్టాదారుకు ఒక పేజీ ఉంటుంది, సర్వే నెంబరుకు ఒక పేజీ ఉంటుంది, వారి నడుమనున్న హక్కుకు మాత్రం పేజీ ఉండదు. సంక్రమించిన విధానం అన్న గడిలో కొనుగోలు అని ఒక మాట ఉంటే చాలదు. ఏ దస్తావేజు, ఏ సంవత్సరంలో ఏ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరైనది, దాని మీద మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పు, ఏ తేదీన ఎవరి ఉత్తర్వుతో జరిగింది అన్నవన్నీ ఒక్క చోట ఉండి, ఆ చోటుకు మారని చిరునామా ఒకటి ఉండాలి. మీరు అడిగిన రెండో సాక్ష్యం రిజిస్ట్రేషన్ శాఖ పత్రమే. అది వేరొకరి చేతి రాత, వేరొక కార్యాలయపు రాత. సంబంధపు పేజీ ఆ రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి, తేడా ఉంటే తేడాగానే చూపాలి.

జాలవాది: పట్టికను సమర్థించబోయి మీరు గీతకు ముఖం కల్పించారు, ఇది సంతోషించవలసిన సంగతి. అయితే ఆ ముఖానికి కాలం కూడా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం పదకొండు నెలలకు. పన్నెండో నెలలో ఆ సంబంధం లేదు, కాని ఒకప్పుడు ఉండేది. పంట నష్టపరిహారం ఎవరికి అన్న వివాదం వచ్చినప్పుడు కావలసినది ఈనాటి సంబంధం కాదు, నష్టం జరిగిన నాటి సంబంధం.

పట్టికవాది: అందులో భేదాభిప్రాయం లేదు. సంబంధపు వరుసకు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉండాలి. 2011 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే కాలవ్యవధితో కూడిన పట్టికలకు చోటు దొరికింది. పేజీ ఏ తేదీ నాటి స్థితిని చూపుతున్నదో పైనే రాయాలి, ఆ తేదీని పాఠకుడు మార్చుకోగలగాలి.

జాలవాది: కాలం వచ్చింది గనుక మీ జాబితాలకు లొంగని విషయం ఒకటి ఉంది. సర్వే నెంబరు ఎప్పటికీ ఒకేలా ఉండదు. 125 అన్న నెంబరు పంపకాల వల్ల 125/1, 125/2 అవుతుంది, వాటిలో రెండోది మళ్లీ 125/2ఎ, 125/2బి అవుతుంది. తెలంగాణలో అ, ఆ అన్న అక్షరాలతో ఉపవిభాగాలు కనిపిస్తాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో పాత నెంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నెంబర్లు వచ్చాయి. ఒక పాత నెంబరు పలు కొత్త నెంబర్లుగా విడిపోయిన చోట్లు ఉంటాయి, పలు పాత ఉపవిభాగాలు ఒకే ఉమ్మడి కొత్త నెంబరులో కలిసిన చోట్లూ ఉంటాయి. తెలంగాణలో హక్కు మూలం వెతికేవారు 1954-55 నాటి కాస్రా పహాణీ దాకా పోతారు. ఈనాటి నెంబరు నుంచి ఆనాటి నెంబరుకు పోవడానికి మధ్యనున్న మెట్లన్నీ కనిపించాలి. ఇది తల్లి నెంబరు, పిల్ల నెంబరు అన్న వంశక్రమం. వంశక్రమాన్ని జాబితాగా రాస్తే ఎవరు ఎవరి నుంచి వచ్చారో తెలియదు.

పట్టికవాది: ఈ చోట చెట్టు రూపంలోని బొమ్మకు అడ్డు చెప్పడం మొండితనమవుతుంది. ఎన్ని తరాల లోతు ఉందో ముందుగా తెలియని వంశక్రమాన్ని ఒకే క్వెరీతో, అంటే డేటాబేసును అడిగే ఒకే ప్రశ్నతో, చివరి దాకా తీసుకురావడానికి 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం దారి ఇచ్చింది. కాబట్టి నిల్వ పట్టికలలో ఉండటం దీనికి ఆటంకం కాదు. చూపేటప్పుడు ఒక్కో తరాన్ని కొద్దిగా లోపలికి జరిపి రాసినా చాలు, కాని కొత్త పాత నెంబర్లు కలిసీ విడిపోయీ ఉన్న చోట గీతలే స్పష్టంగా ఉంటాయి. ఒక్క షరతు మాత్రం ఉంది. ఆ గీతలలో ప్రతి ఒక్కటీ ఏ సబ్ డివిజన్ ఉత్తర్వు వల్ల వచ్చిందో తెలిపే పేజీకి చేరాలి.

జాలవాది: షరతు అంగీకారమే. దానితోపాటు మరొకటి చేర్చాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షను కింద నిషేధిత భూముల జాబితా ఒకటి ఉంది. అందులో ఉన్న భూమికి రిజిస్ట్రేషన్ జరగదు. 125లో కొంత భాగం మాత్రమే ప్రభుత్వ భూమి అయినప్పుడు, ఉపవిభాగం పేర్కొనకుండా 125 అని రాస్తే, దాని సంతానమంతా నిషేధం కిందికి వస్తుంది. 125/2బి పట్టాదారు తన పేజీ తెరిచి చూస్తే నిషేధితం అన్న మాట కనిపిస్తుంది, అది ఎందుకు వచ్చిందో కనిపించదు. కూతురి పెళ్లికో, వైద్యానికో ఆ కాస్త నేల అమ్ముకోవలసిన మనిషికి ఆ ఒక్క మాట ఎంత పని చేస్తుందో ఊహించుకోండి.

పట్టికవాది: ఆ పేజీ రెండు వేర్వేరు వాస్తవాలను ఒకటిగా చూపుతున్నది. ఈ నేల మీదనే నమోదైన నిషేధం ఒకటి, తల్లి నెంబరు నుంచి సంక్రమించిన నిషేధం మరొకటి. రెండోదానిని చూపేటప్పుడు నిషేధం 125 మీద నమోదైనదనీ, 125/2బి కి అది 125 సంతానం కావడం వల్ల వర్తిస్తున్నదనీ, దీనికి ఆధారం ఫలానా గెజిట్ లేక ఫలానా లేఖ అనీ వాక్యాలుగా రాయాలి. గుర్తులూ రంగులూ ఇక్కడ చాలవు, తెలుగులో పూర్తి వాక్యం కావాలి. చూపు లేనివారు తెర మీది అక్షరాలను యంత్రంతో చదివించుకుంటారు. వారికి గీతల బొమ్మ నుంచి దక్కేది దాదాపు ఏమీ లేదు, శీర్షికలు సరిగా గుర్తించిన పట్టికా, పూర్తి వాక్యమూ అయితే దక్కుతాయి.

జాలవాది: బొమ్మ పక్కనే వాక్యాలు ఉంచితే ఆ లోటు తీరుతుంది. అయితే పట్టికవాదులు తప్పించుకుంటున్న ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. తండ్రి పేరు, భర్త పేరు అన్న గడులలో ఉన్నది కూడా సంబంధమే, కాని అది మరో రికార్డుకు చేరే సంబంధంగా కాక ఉత్త అక్షరాలుగా ఉంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, తండ్రి పేరు కూడా ఒకటే అయిన ఇద్దరు ఉండటం అరుదు కాదు. పట్టాదారు చనిపోయినప్పుడు వారసులను నిర్ణయించవలసింది ఈ బంధుత్వాల మీదనే.

పట్టికవాది: అక్కడ ఆగడమే మంచిది. నేలతో మనిషికి ఉన్న సంబంధాన్ని నలుగురికీ తెలిసేటట్టు చూపడానికి కారణం ఉంది, కొనబోయేవారు మోసపోకూడదు. మనిషితో మనిషికి ఉన్న సంబంధాన్ని అందరి కళ్ల ముందూ పరచడానికి అటువంటి కారణం లేదు. రెవెన్యూ కార్యాలయం వద్ద కుటుంబ సభ్యుల వివరం ఉండవచ్చు, వెబ్ పేజీ మీద ఉండనక్కరలేదు. ఆ మాటకొస్తే ఒక మనిషి పేరు కొట్టగానే రాష్ట్రమంతటా వారికున్న నేలలన్నీ వరుసగా వచ్చే పేజీ కూడా బహిరంగంగా ఉండకూడదు. ఒంటరిగా ఉండే ముసలి తల్లికి ఎక్కడెక్కడ ఎంత ఉందో ఒక్క నిమిషంలో తెలుసుకోగల సౌకర్యం ఎవరికి ఉపయోగపడుతుందో ఆలోచించండి.

జాలవాది: ఇప్పటి దాకా రెండు కొసల నుంచీ చదవాలన్న మీరే ఇప్పుడు ఒక కొసను మూయమంటున్నారు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను స్థిరాస్తుల పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము చెల్లించిన ఎవరికైనా చూసే హక్కు ఇచ్చింది, పేర్ల సూచిక అందులో భాగమే. బినామీ ఆస్తులను వెతికే పత్రికలవారికీ, అప్పు ఎగవేసినవారి ఆస్తి కోసం తిరిగేవారికీ అదే ఆధారం.

పట్టికవాది: ఆ హక్కు కార్యాలయానికి నడిచి వచ్చి, అర్జీ రాసి, రుసుము కట్టి, ఒక్క పేరు వెతికించుకునే కాలంలో ఇచ్చినది. ఆ శ్రమే ఒక హద్దుగా పనిచేసింది. యంత్రం ఆ హద్దును చెరిపివేసింది కనుక మరో హద్దు కట్టవలసి ఉంటుంది: నేల నుంచి మనిషికి దారి అందరికీ, మనిషి నుంచి నేలలన్నిటికీ దారి ఆ మనిషికీ, చట్టం అనుమతించిన కార్యాలయాలకూ.

ఈ విభజనలో వివేకం ఉందని ఈ వ్యాసం భావిస్తున్నది, అయితే జాలవాది దీనికి చెప్పిన అభ్యంతరం కొట్టివేయదగినది కాదు.

జాలవాది: సర్వే నెంబర్లు వరుస అంకెలు. ఒకటి నుంచి చివరి దాకా ఒక్కొక్క నెంబరు పేజీని యంత్రంతో తెరిపించి, పేర్లన్నీ రాసుకుని, ఆ పేర్లను అక్షరక్రమంలో పేర్చితే మీరు మూసిన సూచిక మరొకరి కంప్యూటరులో సిద్ధమవుతుంది. సంబంధం రెండు కొసలది అయినప్పుడు ఒక కొసను చూపి రెండోదాన్ని దాచడం సాధ్యం కాదు, కొంత ఆలస్యం చేయడం మాత్రమే సాధ్యం. నిజాయితీగా చూసేవారికి ద్వారం మూసి, కుట్రతో చూసేవారికి కాస్త శ్రమ పెంచినట్టవుతుంది.

పట్టికవాది: ఆలస్యం కూడా చిన్న విషయం కాదు. ఒక ఫోను నెంబరుతో రోజుకు ఇన్ని పేజీలే తెరవవచ్చునని పరిమితి పెట్టవచ్చు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: ఎవరు ఎప్పుడు ఏ నేల పేజీ తెరిచారన్నది కూడా ఒక రికార్డే, దానికి ఆ నేలతో సంబంధం ఉంది, కాబట్టి అది పట్టాదారుకు కనిపించాలి. ఎస్టోనియా దేశంలో తమ వ్యక్తిగత సమాచారాన్ని ప్రభుత్వ కార్యాలయాలలో ఎవరు చూశారో పౌరులు తామే చూసుకోగల ఏర్పాటు ఉంది.

జాలవాది: కార్యాలయాల వరకు అది చాలా మంచి ఏర్పాటు. కాని కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న రైతు కూలి, భూస్వామి నేల పేజీని తెరిచిన సంగతి ఆ భూస్వామికి పేరుతో సహా తెలియడం క్షేమం కాదు. కార్యాలయాలు చూసినప్పుడు అధికారి హోదాతో, కారణంతో చూపండి. సామాన్యులు చూసినప్పుడు ఎన్నిసార్లు చూశారన్న లెక్క మాత్రం చూపండి, పేరు కోర్టు అడిగినప్పుడే బయటికి రావాలి.

పట్టికవాది: లెక్క ఒక్కసారిగా పెరిగితే పట్టాదారుకు ఫోనుకు సందేశం వెళ్లాలి, ఆ సందేశం నుంచే అభ్యంతరం చెప్పే పేజీ తెరుచుకోవాలి. ఆ మేరకు మీ సవరణ అంగీకారమే.